గేదె కొమ్ముల మోటారుసైకిలు

వెనకటికో సంస్థానంలో సామాన్యుల గుమ్మాలు రొమ్మెత్తుకు మించకూడదని దివాను గవర్రాజు గారు శాసించారు. సొంత గడప దాటుతున్నా జనం వంగడం మరిచిపోకూడదట! ఆ గుమ్మం తగిలి తగిలి కమ్మరి మల్లాచారి భార్య బంగారమ్మ నుదురు బొప్పి కట్టింది.

మల్లాచారి, ఏ దొరో పారేసిపోయిన బుల్లి మోటారుసైకిలు ముక్కల్ని ఇంట్లో చేర్చి ఆర్నెల్లు కూర్చుని బిగించాడు. హ్యాండిలు మాత్రం గేదె కొమ్ముల్లా నిలువెత్తున లేపాడు. డుగడుగలు విని దివాను గారు వంగి లోపలికొచ్చారు.

"ఇది మాది. రేపు ఊరేగింపులో ఎక్కుతాం."

"చిత్తం. గుమ్మం పట్టదు ప్రభూ. ఊడదీస్తే బిగించడానికి మళ్ళీ ఆర్నెల్లు."

"అయితే గోడ పగలగొట్టండి!"

బండి బయటపడింది. తాపీవాళ్ళు గుమ్మాన్ని మళ్ళీ రొమ్మెత్తుకే కట్టబోతే మల్లాచారి చేతులు కట్టుకున్నాడు.

"మరమ్మతుకు మళ్ళీ ఇక్కడికే రావాలి కదా. దివాను గారి బండి కమ్మరి గుమ్మంలో వంగొచ్చా ప్రభూ?"

వంగకూడదు! దివాణం టేకుతోనే ఎత్తైన ద్వారబంధం లేచింది. మర్నాడు దివాను గారు అందీ అందని కొమ్ములు పట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి ఊరందరికీ దణ్ణం పెడుతున్నట్టే ఊరేగారు.

బంగారమ్మ నెత్తిన నిండు బిందెతో నిటారుగా ఇంట్లోకి నడిచింది. "పాపం, బండి పోయిందయ్యా," అంది.

"పోతే పోయింది. బిందెతో నువ్వెంత ఎత్తో కొలిచే కదే ఆ కొమ్ములు పెట్టింది!"