ఏడు కాళ్ళ చుట్టం

ఆ ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఉందని అడిగినవాళ్ళు లేరు. అడక్కపోయినా గవరయ్య ఇంటివాళ్ళు మా ఇంట్లోనే ఉందని చెప్పేవాళ్ళు. వానొస్తే గొడుగు తడిసిపోతుందని గవరయ్య దాన్ని చంకలో పెట్టుకుని పైన కండువా కప్పేవాడు. కొడుకు పైడయ్యని ఆవు మీద ఓ కన్నేసి ఉంచమంటే, రెండో కన్ను మూసుకుని కూర్చునేవాడు. ఇక గవరయ్య పెళ్ళాం నూకాలమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద పాలు చూస్తుండమంటే, అవి పొంగి పొయ్యి ఆరిపోయేదాకా రెప్ప వేయకుండా చూసేది. "చూడమన్నారు, చూశాను. దించమన్నారా?" అనేది.

ఆ నూకాలమ్మకి మనవరాలు పుట్టింది. కోడలు వరహాలు పురిటికని పుట్టింటికి వెళ్ళింది, పిల్ల అక్కడే ఉంది. నూకాలమ్మ ఇంకా కళ్ళతో చూడలేదు. ఎత్తుకోవడం అలవాటు తప్పిపోయిందేమోనని ఓ గుమ్మడికాయని ఒళ్ళో పడుకోబెట్టుకుని జో కొట్టేది. పిల్ల క్షేమంగా ఇంటికొస్తే కొండకి నడిచొస్తానని అప్పన్నస్వామికి మొక్కుకుంది.

పిల్లని తెచ్చే ముందు ఇల్లు చూసిపోదామని వియ్యపురాలు బంగారమ్మ వచ్చింది. ఆవిడ కాస్త తెలిసిన మనిషి. మూలన బూజు చూసింది, పెరట్లో కట్టెల మోపు చూసింది.

"వదినా, సాలీళ్ళు ఉన్నాయి. భయం లేదు, వాటితో కలిసి బతకొచ్చు. మూలన గూట్లో ఉన్నదాన్ని కదపకండి, దోమల్ని తిని పెడుతుంది. కట్టెల్లో మాత్రం వట్టి చేతులు పెట్టకండి. ఇంట్లో కింద తిరిగేది కనిపించిందా, చంపొద్దు. దానిమీద గిన్నె బోర్లించి, కిందనుంచి తాటాకు ముక్క తోసి, తీసుకెళ్ళి చిక్కుడు పందిరి దగ్గర వదిలెయ్యండి. పసిదాని దగ్గరికి రాకుండా చూసుకుంటే చాలు. అప్పుడే పిల్లని తెస్తాను."

"సాలీడని ఎలా తెలుస్తుంది వదినా?" అంది నూకాలమ్మ.

"కాళ్ళు చూడండి. ఆరుంటే మామూలు పురుగు. ఎనిమిదుంటే సాలీడు."

ఇంతేకదా అనుకున్నారు ముగ్గురూ. బంగారమ్మ వీధి మలుపు తిరిగిందో లేదో, పైడయ్య నిచ్చెన వేసి మూలన ఉన్నదాని కాళ్ళు లెక్కపెట్టాడు. పాపం, దానికి ఎక్కడో ఒక కాలు పోయింది.

"అమ్మా, ఏడే."

"ఏడా? పురుగూ కాదు, సాలీడూ కాదు. మరెవరు?"

గవరయ్య మీసం దువ్వాడు. "వదినగారు చెప్పినవాళ్ళలో లేదంటే బయటిది కాదు. మన చుట్టమే."

అంతే. నూకాలమ్మ నిచ్చెన కింద నిలబడి, "ఎప్పుడొచ్చావు బాబూ, ఇంట్లో అందరూ బావున్నారా?" అని పలకరించింది. అది పలకలేదు. మొగమాటస్థుడనుకుంది.

తరవాత గదిలోకి వెళ్ళారు. పక్కపక్కనే రెండు మంచాలు. పైడయ్య వేలు పెట్టి లెక్కపెట్టాడు, ఎనిమిది.

"ఇది తిరిగేది కాదు కదే," అన్నాడు గవరయ్య.

"నిన్న పంచలో ఉంది, ఇవాళ గదిలో ఉంది. తిరక్కుండానే వచ్చిందా?"

"నేను మోసుకొస్తే వచ్చింది."

"ఎవరు మోస్తేనేం, వచ్చింది కదా. రేపు ఉయ్యాల దగ్గరికి రాదని ఏముంది?"

ఇంకేముంది, మంచాల మీద చెరో గిన్నె బోర్లించి, కింద తాటాకు తోసి, చిక్కుడు పందిరి దగ్గరికి మోసుకెళ్ళి వదిలేశారు. ఆనాటినుంచి ముగ్గురికీ నేల పడకే. నడుములు పట్టేశాయి. అయినా ఇంట్లోంచి ఓ సాలీడు పోయిందన్న తృప్తి ముందు నడుమెంత?

అక్కడితో ఆగితే బాగుండేది. పశువుల పాకలో జోడెద్దులు నెమరేస్తూ నిలబడి ఉన్నాయి. నూకాలమ్మ కుడితి పట్టుకెళ్ళి, వంగి చూసి, కుడితి కింద పెట్టి వెనక్కొచ్చింది.

"ఏమయ్యా, ఇన్నాళ్ళూ దీనిచేతనే దున్నించామా?"

"అయితే కొమ్ములు కూడా ఉంటాయన్నమాట," అన్నాడు గవరయ్య. "ఆ మాట చెప్పలేదు వదినగారు."

ఎద్దుల మీద బోర్లించే గిన్నె ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో ఉన్నవాటిలో పెద్దది గంగాళం. బోర్లిస్తే ఒక ఎద్దు తలకి సరిగ్గా సరిపోయింది. గవరయ్య వంగి కాళ్ళకింద తాటాకు తోశాడు. ఎద్దు ఈడ్చి ఒక్క తన్ను తన్నింది. గవరయ్య వెళ్ళి పేడకుప్పలో పడ్డాడు.

"ఒక్క కాలే తన్నింది అయ్యా," అని ధైర్యం చెప్పాడు పైడయ్య. "మిగతా ఏడూ మంచివే."

కళ్ళు కనబడని ఎద్దు గంగాళంతో సహా దౌడు తీసింది. దాని వెనక రెండోది. చిక్కుడు పందిరి కూలింది, మంచాలు విరిగాయి, పెరటి దడి పడిపోయింది. దూరంగా గంగాళం ఎక్కడో రాయికి కొట్టుకున్న చప్పుడైంది. పైడయ్య వెళ్ళి సొట్టపోయిన గంగాళం తెచ్చాడు. ఎద్దులు మాత్రం ఊరు దాటిపోయాయి.

"ఇల్లు శుభ్రమైంది," అంది నూకాలమ్మ, పమిటతో మొహం తుడుచుకుంటూ. ఉత్త గుమ్మడికాయని ఇక దించెయ్యొచ్చు.

పిల్లని తెచ్చే రోజు రానే వచ్చింది. ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డారు. ఎందుకైనా మంచిదని పైడయ్య మరోసారి లెక్కచూశాడు. ముగ్గురివీ కలిపి ఆరు.

"మామూలు పురుగులమే," అన్నాడు. ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

వీధిలో బంగారమ్మ, పక్కన వరహాలు. వరహాలు భుజాన మెత్తటి పాతచీరలో చుట్టిన మూట. నూకాలమ్మ రెండు చేతులూ చాపింది. చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి.

"ఆగమ్మా. గడప దాటకు."

"ఏమైందత్తా?"

"మేం ఆరు. నువ్వొస్తే ఎనిమిది."

వరహాలు వాళ్ళమ్మకేసి చూసింది. బంగారమ్మ కూలిన పందిరికేసి, సొట్టపోయిన గంగాళంకేసి, గవరయ్య నడుం కట్టుకేసి చూసింది.

"వదినా, నేనూ వస్తున్నాను కదా. నా కాళ్ళు కలిపితే పది."

"మీ కాళ్ళు మీ ఇంటి లెక్కలోకి పోతాయి వదినా. మా లెక్కలోకి ఎలా తెస్తాం? అధర్మం."

"అయితే పిల్లని వెనక్కి తీసుకుపోనా?" అంది బంగారమ్మ. ఈసారి ఆవిడ మాటలో నవ్వు లేదు.

నూకాలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తల అడ్డంగానే ఊపింది. పిల్లకోసం మంచాలు వదులుకున్నారు, ఎద్దుల్ని వదులుకున్నారు. ఇప్పుడు తామే సాలీడై పిల్లమీద పడతారా?

"ఏడవకే," అని గవరయ్య గంగాళం ఎత్తుకొచ్చాడు. "నలుగురం దీనికింద దూరదాం. వదినగారు తాటాకు తోస్తారు."

దాన్ని దించడం దించడం ఖంగుమంది. ఆ చప్పుడికి మూట ఉలిక్కిపడింది, కెవ్వుమంది, కాళ్ళతో తన్నుకుంది. చీర జారింది. గులాబీరంగు పాదాలు రెండు బయటికొచ్చాయి.

నూకాలమ్మ వాటిని చూసింది. మెల్లిగా, తప్పుపోకుండా వేలు పెట్టింది.

"తొమ్మిది... పది."

అంతే. వరహాలు గడప దాటింది. నూకాలమ్మ పిల్లని అందుకుని, ఆ రెండు పాదాలూ కళ్ళకద్దుకుంది. "ఇంటిని నిలబెట్టావమ్మా," అంది. బంగారమ్మ మూలన ఏడు కాళ్ళ చుట్టంకేసి చూసి, ఈ ఇంట్లో నిదానమైనవాడు వీడొక్కడే అనుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పైడయ్య ఎద్దుల్ని వెతకడానికి బయల్దేరాడు. వాడు గడప దాటాడో లేదో నూకాలమ్మ మళ్ళీ కాళ్ళు లెక్కపెట్టింది. ఇంట్లో మిగిలింది తను, ముసలాయన, కోడలు, పిల్ల.

గవరయ్య అప్పుడే గంగాళం వైపు నడుస్తున్నాడు.

"అక్కర్లేదు ఉండు," అంది నూకాలమ్మ. పిల్లని చంకనేసుకుంది. ఎడం కాలు పైకి మడిచి, కుచ్చిళ్ళలో దోపుకుంది. గోడ పట్టుకుని ఒంటికాలిమీద ఓ గెంతు గెంతింది. పిల్ల కిలకిలా నవ్వింది. ఇంకో గెంతు గెంతింది.

కొడుకు పొలం వెళ్ళిన ప్రతిరోజూ నూకాలమ్మ ఇల్లంతా అలా గెంతుతూనే పిల్లని పెంచింది. కింద ఏడు కాళ్ళు, పైన మూలన ఏడు కాళ్ళు. ఆ ఇంట్లో సాలీడన్నదే లేదు.