ఇసుకతిన్నె మీద గవ్వలాట

అనగనగా మూడు అడవులు, పిల్లలూ. మూడింటి మధ్యా ఒక ఏరు. ఏటి నడుమ, పొగమంచులో తేలుతున్నట్టుండే ఒక ఇసుకతిన్నె.

పున్నమి వచ్చిందంటే పొద్దువాలే వేళకు మూడు అడవుల జంతువులూ ఆ తిన్నె మీదకు చేరేవి. ఒక్కొక్కటీ ఒక గింజో పండో కుప్పలో వేసి, తన గుర్తు గీసిన గవ్వను సొరకాయబుర్రలో వేసేది. తాబేలు కూర్మయ్య తాత కళ్లు మూసుకుని ఒక గవ్వ తీసేవాడు. అది ఎవరిదైతే కుప్పంతా వాళ్లదే. చిన్న కుప్ప, చిన్న సరదా.

ఒకసారి కోతి అంది, "ఎక్కువ పండ్లు వేస్తే ఎక్కువ గవ్వలు వేయొచ్చు కదా."

నిజమే అనుకున్నాయి అన్నీ. కుప్ప పెరిగింది. కలలూ పెరిగాయి. కోతి చెట్లెక్కడం మానేసింది. ముళ్లపంది దుంపలు తవ్వడం మానేసింది. ఉడత చారలమ్మ కొమ్మ మీద వెల్లకిలా పడుకుని, మబ్బుల్లో బాదంకాయల మేడలు చూస్తూ ఉండేది.

వానాకాలం దగ్గరపడింది. మళ్లీ పున్నమి వచ్చింది.

"అమ్మా, తొర్రలో ఇంతే మిగిలింది. ఇదీ వేసేస్తావా?" అని అడిగింది కూతురు బుల్లి.

"రేపటికి మనకు మేడే ఉంటుంది తల్లీ" అంది చారలమ్మ.

ఉన్నదంతా ఊడ్చి వేసింది. అందరూ అలాగే వేశారు.

తాత గవ్వ తీశాడు. అది చారలమ్మదే.

ఆ రాత్రంతా తల్లీకూతుళ్లు కుప్ప పక్కనే, మేఘం మీద పడుకున్నట్టు నిద్రపోయారు. తెల్లారేసరికి సన్నగా వాన. ముళ్లపంది మామ పిల్లల్ని వెంటబెట్టుకుని తిన్నె మీదుగా ఏరు దాటుతున్నాడు.

"ఈ వానలో ఎక్కడికి మామా?"

"ఇంట్లో తినడానికేమీ లేదమ్మా. నీ గెలుపు నీది, నిన్నేమీ అనను. వేరే అడవి వెతుక్కుంటాం."

చారలమ్మ కుప్పను చూసింది. పైనున్న దుంపలు మామ తవ్వినవే. పక్కనున్న పండ్లకు కోతిపిల్లల పంటిగాట్లు ఉన్నాయి.

"ఆగు మామా" అంది. "అందర్నీ పిలువు. ఎవరివి వాళ్లు పట్టుకెళ్లండి."

అడుగున కొంత అప్పటికే వాననీటికి నాని పాడైపోయింది. మిగిలింది పంచుకున్నారు. ఆ వానాకాలం అందరూ అరకడుపుతోనే ఉన్నారు. కానీ ఎవరూ అడవి విడిచిపోలేదు.

కూర్మయ్య తాత సొరకాయబుర్రను ఏటిలో వదిలేశాడు. అది మెల్లగా ఊగుతూ మంచులో కలిసిపోయింది.

"ఇంక ఆడమా తాతా?" అంది బుల్లి.

"ఆడం తల్లీ. రా, గట్టున పుట్టగొడుగులు మొలిచాయి, ఏరుకుందాం."

నీతి: అందరి ఇళ్లూ ఖాళీ చేసి ఒక్క ఇల్లు నింపేది అదృష్టం కాదు.