బొప్పి కట్టని దెబ్బ

పేరు అడక్కండి, చెప్పను గానీ ఒకానొక రాజ్యాన్ని రణధీరవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. కనబడ్డవాడికల్లా ఓ వెక్కిరింపు పేరు తగిలించేవాడు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉండేది. రాజు సభ గడప దగ్గరకొచ్చి నిలబడాలి. వందిమాగధుడు బిరుదులన్నీ చదివాకే లోపల కాలు పెట్టాలి. ఆ చదివే పని ఓబయ్యది. ఒకనాడు పాపం 'పరరాజభయంకర' దగ్గర అతని నాలుక తడబడింది.

"ఏమయ్యా నత్తిరాయుడూ, బిరుదు మింగేశావా?" అన్నాడు రాజు.

సభంతా పగలబడి నవ్వింది. ఇక అందరి నోటా అదే పేరు. గడప చూస్తేనే ఓబయ్యకు మాట ఇంకా తడబడేది. ఇరవై ఏళ్ళ కొలువు వదిలి పోతానని విదూషకుడు కోనప్ప దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

కోనప్ప వెళ్ళి రాజుకు మనవి చేశాడు. రాజు తేలిగ్గా నవ్వేశాడు.

"చిన్నప్పుడు ఎవరైనా ఏడిపిస్తే మేమేమనేవాళ్ళమో తెలుసా? రాయి తగిలితే బొప్పి కడుతుంది, మాట తగిలితే ఏం కడుతుంది అని. మాటంటే వట్టి గాలయ్యా."

చిత్తమని కోనప్ప వచ్చేశాడు.

మర్నాడు రాజు గడప దగ్గర నిలబడ్డాడు. ఓబయ్య నోరు మెదపలేదు. రాజు మీసం దువ్వాడు, దగ్గాడు. ఊహూఁ. లోపల పొరుగు రాజ్యపు రాయబారి వింతగా చూస్తున్నాడు. రాజు మొహం కందగడ్డయింది. బిరుదులేవని గద్దించాడు.

కోనప్ప చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "నేనే వద్దన్నాను ప్రభూ. మాటలు వట్టి గాలని తమరే సెలవిచ్చారు. ఆ కాస్త గాలి కోసం తమరిని నిలబెట్టడమెందుకని."

"నలుగురిలో తల కొట్టేసినట్టుంది కదయ్యా నాకు," అన్నాడు రాజు గొంతు తగ్గించి.

"బొప్పి ఎక్కడ కట్టింది ప్రభూ?"

రాజు తల తడుముకోబోయి ఆగాడు. ఓబయ్య వంక చూశాడు. ఆ తర్వాత నవ్వాడు చూడండి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. వేలి ఉంగరం తీసి కోనప్పకిచ్చాడు. తన శాలువా ఓబయ్య భుజాన కప్పాడు.

"తప్పు నాదే ఓబయ్యా. ఆ పేరు ఇక ఈ సభలో వినబడదు. నిదానంగా చదువు, నేను నిలబడతాను."

ఓబయ్య గుండెల మీది బరువు దిగిపోయింది. చదివాడు. 'పరరాజభయంకర' దగ్గర మళ్ళీ ఆగాడు. సభలో ఎవరూ నవ్వలేదు. అంతటి రాజూ ఆ బిరుదు పూర్తయ్యేదాకా గడప అవతలే నిలబడ్డాడు.