గవర్రాజు సూది తిరిగిన మూడు రోజులు

అనగనగా ఒక మడ అడవి. గోదావరి సముద్రంలో కలిసేచోట చెట్లన్నీ మోకాళ్ల దాకా బురదలో దిగి నిలబడి ఉంటాయి చూడండి, ఆ అడవి. ప్రతి చలికాలం అక్కడికి హిమాలయాల అవతల నుంచి కొన్ని బాతులు వస్తాయి. వాటి తల వెనక రెండు నల్లటి పట్టెలుంటాయి. వరిచేలల్లో మేసి, ఒళ్లు చేసి, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లి అక్కడ గుడ్లు పెట్టుకుంటాయి.

ఆ మందకు పెద్ద గవర్రాజు. వరసలో ముందు ఎగిరేది ఆయనే. ఉత్తరం ఎటో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎలాగంటే, ఆ బాతుల ముక్కు మొదట్లో కంటికి కనిపించని సూది ఒకటి ఉందనుకోండి. భూమి లోపలి అయస్కాంతం లాగితే అది ఉత్తరం వైపు తిరిగి నిలుస్తుంది. సూది అందరికీ ఉంది. కానీ గవర్రాజు మాటలు వింటే, సూది ఆయనకొక్కడికే ఉందనీ, మిగతావాళ్లకు ముక్కులిచ్చింది బురదలో పెట్టుకోవడానికేననీ అనిపిస్తుంది.

ఆ మందలో ఒక పాత కట్టుబాటుంది. "నా సూది తిరుగుతోంది, దిక్కు తెలియడం లేదు" అన్న బాతు వరసలో చిట్టచివరికి పోవాలి. బతికినన్నాళ్లూ అక్కడే ఎగరాలి. అందుకని తాతల కాలం నుంచీ ఆ మాట ఒక్కరూ అనలేదు.

ఆ ఏడు గవర్రాజు భార్య బుల్లెమ్మకు మహా తొందరగా ఉంది. పోయినేడు వాళ్లు ఆలస్యంగా చేరారు. మంచి చోట్లన్నీ వేరే బాతులు పట్టేశాయి. పాపం ఒక్క గుడ్డు కూడా పెట్టలేకపోయింది. ఈ ఏడు చేలో వల తగిలి ఎడమ రెక్క నొప్పిగా ఉంది. ఒంట్లో పట్టిన కొవ్వు ఒక్క ప్రయాణానికి బొటాబొటీగా సరిపోతుంది. ఆ సంగతి మొగుడికి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆయన "నేనున్నాను కదే" అన్నాడు.

బయలుదేరే రోజు పొద్దున ఆకాశమంతా మబ్బు. సూర్యుడి జాడ లేదు. గవర్రాజు అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. సూది ఉత్తరం చూపించింది. వెంటనే తూర్పు చూపించింది. ఆ తర్వాత బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. కళ్లు తెరిస్తే మంద మొత్తం ఆయన వైపే చూస్తోంది.

ఇసుక దిబ్బ మీద గుడ్లు పెట్టుకుని సేద తీరుతున్న ఒక సముద్రపు తాబేలు ఇదంతా గమనించింది. ఆవిడ పేరు నూకరత్నం. అందరూ మామ్మ అంటారు. ఆవిడా సముద్రంలో అలాంటి సూదితోనే దారి వెతుక్కుంటుంది.

"ఇవాళ వెళ్లకు బాబూ" అంది మామ్మ. "సూర్యుడి దగ్గర్నుంచి గాలి గట్టిగా వీస్తోంది."

ఇక్కడ ఆకు కూడా కదలడం లేదే అన్నాడు గవర్రాజు. ఇది ఆకుల్ని కదిపే గాలి కాదని మామ్మ ఓపిగ్గా చెప్పింది. సూర్యుడు ఎండ ఒక్కటే పంపడట, ఒక రకం గాలి కూడా పంపుతాడట. భూమి తన అయస్కాంతాన్నే గొడుగులా పట్టుకుని ఉంటుంది. గాలి ఆ గొడుగుకు తగిలి రెండు పక్కలకీ జారిపోతుంది. సూర్యుడి వైపు గొడుగు నొక్కుకుపోతుంది, వెనక వైపు పొడుగ్గా సాగుతుంది. మామూలు రోజుల్లో మనకేమీ తెలియదు. ఎప్పుడైనా సూర్యుడికి తిక్క రేగితే మాత్రం ఆ గాలి ఒక్కసారిగా మీద పడుతుంది. గొడుగు ఊగిపోతుంది. దాన్ని నమ్ముకున్న సూదులన్నీ ఊగిపోతాయి. రెండు మూడు రోజులాగితే అదే సర్దుకుంటుంది. మనకు గొడుగైనా ఉంది, పక్కనున్న అంగారకుడికి అదీ లేదు, ఆయన ఒంటి మీది గాలినంతా సూర్యుడి గాలి కొద్దికొద్దిగా ఊడ్చుకుపోయిందని మామ్మ జాలిపడింది.

"నేను అంగారకుడి మీదకి వెళ్లట్లేదు మామ్మా, హిమాలయాలకి వెళ్తున్నాను" అన్నాడు గవర్రాజు.

మంద పకపకా నవ్వింది. అంత బాగా నవ్వించాక ఇంకెలా ఆగుతాడు? రెక్కలు విప్పాడు.

పొద్దంతా మబ్బుల్లో ఎగిరి ఎగిరి సాయంత్రానికి కిందికి దిగారు. చుట్టూ బురద, మడ చెట్లు, ఒక ఇసుక దిబ్బ. దిబ్బ మీద తాబేలు. చిలికా సరస్సుకి వచ్చేశామని గవర్రాజు ప్రకటించాడు. అప్పుడే తిరిగొచ్చేశారా అని తాబేలు అడిగింది. ఒడిశా తాబేళ్లు తెలుగు చక్కగా మాట్లాడతాయని ఆయన మందకు వివరించాడు.

రెండోరోజు మళ్లీ పొద్దంతా ఎగిరారు. మళ్లీ బురద, మడ చెట్లు, దిబ్బ, తాబేలు. ఇది గంగ అన్నాడు గవర్రాజు. పోలయ్య అనే బాతు ఒక గుక్క తాగి ఉప్పగా ఉందన్నాడు. గంగ సముద్రంలో కలిసేచోట మరి తియ్యగా ఉంటుందా అని గవర్రాజు కసిరాడు.

"నేను నూకరత్నాన్నిరా" అంది తాబేలు.

తాబేళ్లలో అది మామూలు పేరేనన్నాడు.

ఆ సాయంత్రం బుల్లెమ్మ మేతకు కూడా లేవలేదు. ఎడమ రెక్క నేల మీద వాల్చేసి పడుకుంది. దిక్కు తెలియడం లేదన్న మాట గవర్రాజు నోటిదాకా వచ్చింది. అంతలో వరస చివర్న, నిన్నటిదాకా తన వెనక ఎగిరినవాళ్ల తోకలు చూసుకుంటూ పోవడం కళ్లముందు కనిపించింది. మాట మింగేశాడు.

మూడోరోజు మధ్యాహ్నానికి వెనక రెక్కల చప్పుడులో ఏదో తేడా వచ్చింది. ముందు ఎగిరేవాడు వెనక్కి చూడకూడదు, అదీ వాళ్ల పద్ధతే. ఆయన చూశాడు. బుల్లెమ్మ లేదు. దూరంగా కింద, నీళ్ల మీద వాలిపోయి ఉంది.

గవర్రాజు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. అప్పటికే నూకరత్నం మామ్మ బుల్లెమ్మను వీపుతో నెట్టుకుంటూ దిబ్బ అంచుకు చేర్చింది. ప్రాణం ఉంది. కళ్లు తెరిచింది.

"ఏమండీ, ఇది ఏ ఊరండీ?" అంది నీరసంగా.

గవర్రాజుకు ఏడుపొచ్చేసింది.

"మన చోటేనే. మూడు రోజుల్నుంచీ ఇక్కడిక్కడే తిరుగుతున్నాం. మొదటి రోజు పొద్దున్నే నా సూది తిరిగిపోయింది. నాకు దారి తెలియట్లేదు."

పోలయ్య సన్నగా దగ్గి, తనదీ మొదటి రోజు నుంచీ తిరుగుతోందన్నాడు. ఇంకొకరు నాదీ అన్నారు. ఆ తర్వాత ఒకరి మాట ఒకరికి వినపడకుండా అందరూ అదే చెప్పారు. పాడైంది తన సూది ఒక్కటేనని ఎవరికి వాళ్లు అనుకుని, సిగ్గుతో నోరు మూసుకుని, ముందున్నవాడి వెంట పోయారు. కట్టుబాటు ప్రకారం ఇప్పుడు అందరూ చివరికి పోవాలి. అలాగైతే వరస ఎక్కడ మొదలుపెట్టాలో ఎంత ఆలోచించినా తేలలేదు. కట్టుబాటునే వదిలేశారు.

"నాదీ తిరిగిందండి" అంది బుల్లెమ్మ. "మీది బాగుందనుకున్నాను."

మర్నాటికి సూర్యుడి గాలి తగ్గింది. సూదులన్నీ ఉత్తరం చూసి నిలిచాయి. మామ్మ సముద్రంలోకి వెళ్లిపోయింది. మంద ఇంక ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు. బుల్లెమ్మకేమో అంత దూరం ఎగరడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. గవర్రాజు పోలయ్యను ముందు ఎగరమన్నాడు. తను భార్య దగ్గర ఉండిపోయాడు. చల్లటి కొండల్లో పుట్టినవాడు, గోదావరి ఎండలు ఎలా ఉంటాయో ఇంకా తెలియదు.

ఆకాశంలో వరస కనుమరుగయ్యేదాకా బుల్లెమ్మ అటే చూసింది.

"ఆ మాట మొదటి రోజే అనుంటే, మూడు రోజులు ఇక్కడే హాయిగా మేసి, వాళ్లతో వెళ్లేవాళ్లం కదండీ" అంది.

ఆ ఏడు కూడా బుల్లెమ్మ గుడ్లు పెట్టలేదు.

నీతి: దారి తెలియనప్పుడు తెలియదని వెంటనే చెప్పాలి. మనం సిగ్గుపడి ఊరుకుంటే, మనల్ని నమ్మి వెంట వచ్చినవాళ్లు అలసిపోతారు.