ఎదురు మొహం

"సామీ, దామోదరం అన్న చీర కడితే మొక్కు. నేను కడితే రోగం. ఇదేం న్యాయం?"

గంగమ్మ జాతరలో మొక్కున్న మగవాళ్ళకి ఆడవేషం కట్టే మునిరత్నాన్ని, శిష్యుడు హేమాద్రి అడిగిన మాట అది. ఊరికే అడగలేదు. పోయిన వారం మీటింగులో, ఎలక్షన్‌లో నిలబడ్డ దామోదరం, మగపిల్లలు ఆడపిల్లల్లా ఉండటం బయట్నుంచి అంటుకొచ్చిన జబ్బని, ఊళ్ళో పిల్లల్ని కాపాడే పూచీ తనదని మైకులో చెప్పాడు. అది విన్న హేమాద్రి నాన్న, గదిలో తలుపేసుకుని చీర కట్టుకున్న కొడుకుని బాగుచేయించాలని సిటీలో ఏదో సెంటర్‌తో మాట్లాడుకున్నాడు. రేపు పొద్దున వ్యాన్ వస్తుంది. పక్క వీధి నుంచి అక్కడికి వెళ్ళొచ్చిన కుర్రాడు ఇప్పటికీ పేరు పెట్టి పిలిస్తే పలకడు.

మునిరత్నం అడిగినదానికి జవాబు చెప్పే మనిషి కాదు. పని చెప్తాడు.

"దామోదరం అన్న వస్తాండాడు. ఈసారి మొహం నువ్వు రాయి. నువ్వూ చీర కట్టుకో," అన్నాడు.

వాళ్ళ దగ్గర ఒక పద్ధతుంది. వేషం కట్టే గదిలో అద్దం పెట్టరు. రాసేవాడు ప్రతి రంగూ ముందు తన మొహానికి రాసుకుని, తర్వాతే ఎదుటి మనిషికి రాస్తాడు. వేషం ఎట్లా కుదిరిందో ఎదురుగా ఉన్న మొహంలో చూసుకోవాల్సిందే.

దామోదరం చీర కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. "ఏం రా, జాతర అయిపోయినాక కూడా కడతావంట?" అని నవ్వాడు. వెంట వచ్చినవాళ్ళూ నవ్వారు. చీర కట్టుకుని ఎదురుగా కూర్చున్న హేమాద్రి రంగులు దగ్గరికి లాక్కున్నాడు. పసుపు తన చెంపకి, ఆయన చెంపకి. కుంకుమ తన నుదుటికి, ఆయన నుదుటికి. తర్వాత కాటుక. నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలీలేదు. గదిలో ఒకే మొహం రెండుచోట్ల కూర్చునుంది.

అప్పుడు హేమాద్రి కంట్లోంచి ఒక చుక్క పసుపు మీదుగా చారలా జారింది. దామోదరం గబుక్కున తన చెంప తుడుచుకున్నాడు.

ఆయన చెంప పొడిగానే ఉంది. వేళ్ళకి అంటిన పసుపుని కాసేపు చూశాడు. ఎదురు మొహం వైపు మాత్రం మళ్ళీ చూడలేదు.

బయటికెళ్ళి, కొంగు సర్దుకుని మైకు అందుకున్నాడు. అదే జబ్బు, అదే పూచీ, పోయిన వారం మాటలే. వేషం కట్టినవాళ్ళంటే సాక్షాత్తు గంగమ్మే కనక, జనం ఆయన పాదాలకి మొక్కారు.

కాసేపటికి హేమాద్రి గుమ్మంలోకి వస్తే జనం ఇటు తిరిగి మొక్కారు. అందరికంటే ముందున్నది వాళ్ళ నాన్న. రెండు పాదాలూ పట్టుకున్నాడు.

"తల్లీ, రేపు నా బిడ్డని పంపిస్తాండా. వాడికేమీ కాకుండా నువ్వే చూసుకోవాల," అన్నాడు.

తలెత్తి ఆ మొహాన్ని కళ్ళనిండా చూశాడు. గుర్తుపట్టలేదు. హేమాద్రి కదల్లేకపోయాడు.

ఆయన వెళ్ళిపోయాక హేమాద్రి లోపలికొచ్చి మొహం కడుక్కోడానికి చెంబు అందుకున్నాడు. మునిరత్నం ఆ చెంబు తీసుకుని నీళ్ళు వాకిట్లో పారబోశాడు.

"అట్టే ఉండనీ. రేపు వ్యాన్ వచ్చినప్పుడు ఈ మొహంతోనే ఎదురుపో. చెయ్యి పట్టి ఎక్కిచ్చేది ఎవరో చూస్తాం," అన్నాడు.