రేకులు లేని ఇంజను

శృంగవరపుకోటలో అరకు రోడ్డు మొదట్లో జోగినాయుడు అనే మెకానిక్ ఉండేవాడు; చేతిలో మంచి పనితనం ఉన్నా, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినకుండానే "నాకు తెలుసు" అనేయడం అతనిలోని పెద్ద లోపం.

లారీ అయినా, ట్రాక్టరయినా, నీళ్ల మోటారయినా అతని షెడ్డుకే వచ్చేది. ఒక్క నిమిషం చప్పుడు వింటే చాలు, ఇంజను జబ్బు చెప్పేసేవాడు. అంతవరకూ మంచిదే. కానీ ఎవరైనా "బండి ఎక్కడ ఆగిందంటే..." అని మొదలుపెట్టగానే, "తెలుసు, తెలుసు. తాళం ఇచ్చి వెళ్లండి" అనేవాడు. తెలియని సంగతి ఒకరిని అడిగితే పరువు పోతుందని అతని నమ్మకం. షెడ్డులో అతనితో పాటు పనిచేసే బామ్మర్ది తవిటయ్య, "మా బావ చెవులు ఇంజన్లకే పనిచేస్తాయి, మనుషులకి పనిచెయ్యవు" అని అందరి ముందూ అనేవాడు. జోగినాయుడు అదీ వినేవాడు కాదు.

ఒక రోజు ఒక ట్రాక్టరు వింత బండిని లాక్కుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. గుండ్రని ముక్కు, పైన తెలుపు, కింద ఆకుపచ్చ రంగు. లోపల మడత మంచం, చిన్న అలమర, వంట గట్టు. కప్పు పైకెత్తితే ఇంకొక మనిషి పడుకునే చోటు. ఎప్పుడో విదేశీ యాత్రికులు విశాఖపట్నంలో అమ్మేసిపోయిన వ్యాను అది.

దాని వెనకే, దాన్ని కొనుక్కున్న అచ్యుతాంబ వచ్చింది. ఆమె ఆ ఊరి బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఇప్పటికీ ఆమె గొంతు వింటే వీధిలో నడిచేవాళ్లు నిటారుగా అయ్యేవారు. పక్కనే ఆమె చిన్ననాటి స్నేహితురాలు, సంగీతం టీచరు వరహాలమ్మ ఉంది.

"నాయుడూ, నేనూ ఈ వరహాలమ్మా ప్రతి ఏడూ పిల్లల్ని అరకు తీసుకెళ్లేవాళ్లం" అంది అచ్యుతాంబ. "పిల్లల తలలు లెక్కపెట్టుకోవడమే సరిపోయేది. తలెత్తి కొండ వంక చూసింది లేదు. ఇప్పుడు మా బండిలో మేం వెళ్లాలి. నచ్చిన చోట ఆగాలి. కొండ మీదే పడుకోవాలి."

"మా మనవడు దీన్ని కోళ్లగూడు అన్నాడు. కోళ్లగూడే కొండెక్కి కూస్తుందిరా అన్నాను" అంది వరహాలమ్మ.

అచ్యుతాంబ ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో కొత్త పిస్టన్లు, సిలిండర్లు ఉన్నాయి. "వీటి కోసం తిరగని ఊరు లేదు. ఇవి పాడైతే మళ్లీ దొరకవు. ఆ తర్వాత ఈ బండి నిజంగా కోళ్లగూడే. జాగ్రత్త."

"తెలుసమ్మా" అన్నాడు జోగినాయుడు.

ఇంజను బండికి వెనక ఉంది. మూత ఎత్తగానే తవిటయ్య తల గోక్కున్నాడు. "బావా, దీనికి రేడియేటరేదీ? నీళ్లెక్కడ పోస్తారు?"

"నీళ్లు ఉండవురా. మోటారు సైకిలుకి నీళ్లు పోస్తావా? ఇదీ అంతే. గాలికి చల్లారే ఇంజను."

ఆ మాట నిజమే. సగం తెలిసినవాడి మాటలో నిజం ఉంటుంది. అందుకే అది ప్రమాదం.

పని మొదలైంది. ఆ పని చూడడానికి వీధి వీధంతా వచ్చేది. బావా బామ్మర్దులు ఇంజనుని కిందికి దించి, గోనెపట్టా మీద ఒక్కొక్క భాగం విప్పి వరసగా పేర్చారు. కిరసనాయిలుతో కడిగారు. ఏళ్ల తరబడి పేరుకున్న మసి వదిలి, లోహం వెండిలా మెరిసింది. జోగినాయుడు పాత బేరింగులు తీసి కొత్తవి వేశాడు. వాల్వుల్ని చేత్తో తిప్పుతూ నూరాడు. సిలిండర్ల చుట్టూ పలకలు పలకలుగా ఉన్న రెక్కల సందుల్లో పుల్ల పెట్టి మట్టి తీశాడు. కొత్త పిస్టన్లు సిలిండర్లలోకి నూనె జారినట్టు జారాయి. వరహాలమ్మ రోజూ వచ్చి, స్టూలు మీద కూర్చుని కూనిరాగం తీసేది. తవిటయ్య ఆ పాటకి తగ్గట్టు బోల్టులు బిగించేవాడు.

అంతా బిగించాక గోనెపట్టా మీద కొన్ని రేకులు మిగిలాయి. సిలిండర్ల చుట్టూ కప్పే రేకులు అవి. వంపులు తిరిగి, నల్లగా, అందం లేకుండా ఉన్నాయి.

"ఇవెందుకు మిగిలాయి?" అని అడిగింది అచ్యుతాంబ.

జోగినాయుడు నవ్వాడు. "టీచరమ్మా, ఎండాకాలంలో మనం దుప్పటి కప్పుకుంటామా? గాలికి చల్లారే ఇంజనుకి గాలి తగలనివ్వాలి గానీ, చుట్టూ రేకులు కడతారా? వాళ్లది మంచు దేశం. చలికని కప్పి ఉంటారు. మన ఎండలకి ఇవి అక్కర్లేదు."

"బావా, వీటి కోసం బోల్టు కన్నాలు కూడా ఉన్నాయి. చేసినవాడు ఊరికే కన్నాలు పెడతాడేటి?" అన్నాడు తవిటయ్య.

"ఒరే, నువ్వు స్పానరందుకో. సలహా అందివ్వకు."

అచ్యుతాంబకి అనుమానం తీరలేదు. "విశాఖపట్నంలో ఇలాంటి వ్యాను నడిపే పెద్దాయన ఒకరున్నారు. ఆయన నంబరు నా దగ్గరుంది. ఒక మాట అడుగుదామా?"

"నేనుండగా ఇంకొకర్ని అడగడమేటమ్మా!" అన్నాడు జోగినాయుడు. ఆమె అందించిన నంబరు చీటీని చూడకుండానే తిరిగి ఇచ్చేశాడు.

మిగిలిన రేకుల్ని తలా ఒకటి పట్టుకుపోయారు. ఎదుటి టీ కొట్టు వాడు ఒకటి పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెట్టుకున్నాడు. తవిటయ్య పెళ్లాం గౌరమ్మ ఒకదాన్ని పొదిగే కోడి కింద పరిచింది. ఇంకొకటి జోగినాయుడి ఇంట్లో చెత్త ఎత్తే చేటయింది.

మంచి రోజు చూసి బండికి పసుపు కుంకుమ పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. జోగినాయుడు తాళం తిప్పగానే ఇంజను టకటకమంటూ లేచింది. వీధిలో చప్పట్లు మోగాయి. అచ్యుతాంబ కళ్లు తుడుచుకుని, "దుమ్ము పడింది" అంది. వరహాలమ్మ కుంపటి, బొగ్గులు, మొక్కజొన్న పొత్తులు బండిలోకి ఎక్కించింది.

ఆడవాళ్లిద్దరూ కిటికీల దగ్గర కూర్చున్నారు. తవిటయ్య ముందు కూర్చున్నాడు. జోగినాయుడు నడిపాడు. పల్లం రోడ్డు మీద బండి గుర్రంలా పరుగెత్తింది. ఘాటీ మొదలయ్యాక మలుపు మలుపుకీ దాని ఊపు తగ్గింది. కాలిన నూనె వాసన వచ్చింది. స్టీరింగు ముందున్న హెచ్చరిక ఎర్ర దీపం వెలిగింది. కాఫీ తోటల దగ్గర, ఒక మలుపులో, ఇంజను మూలిగి ఆగిపోయింది.

"ఏవే అచ్యుతా, నీ బండికి నాకంటే ముందే ఆయాసం వచ్చిందే!" అంది వరహాలమ్మ.

జోగినాయుడు చక్రాల కింద రాళ్లు పెట్టించి, వెనక మూత ఎత్తాడు. లోపలి నుంచి వేడి మొహానికి కొట్టింది. ఇంజను తిప్పే పుల్లీకి స్పానరు తగిలించి బలంగా లాగాడు. కదలలేదు. తవిటయ్యా చెయ్యి వేశాడు. కదలలేదు. వేడికి పిస్టన్లు ఉబ్బి సిలిండర్లలో పట్టేశాయి. దొరకని పిస్టన్లు అవి.

"ఏమైంది నాయుడూ?" అని అడిగింది అచ్యుతాంబ.

"చల్లారనివ్వాలమ్మా" అన్నాడు.

వరహాలమ్మ ఊరుకోలేదు. రోడ్డు పక్కన కుంపటి పెట్టి, పొత్తులు కాల్చడం మొదలుపెట్టింది. తవిటయ్య విసనకర్ర అందుకుని విసిరాడు. లోయలోంచి వచ్చే గాలి అటూ ఇటూ కొడుతోంది. అతను ఎంత విసిరినా గాలి పక్కలకి పోతోందే గానీ బొగ్గు రాజుకోవడం లేదు.

"నువ్వు విసిరేది నా చీరకిరా, బొగ్గులకి కాదు" అంది వరహాలమ్మ. కుంపటి చుట్టూ స్టీలు పళ్లేలు నిలబెట్టి, విసిరే వైపు ఒక్క సందు ఉంచింది. "ఇప్పుడు విసురు. గాలికేం తెలుసు ఎటు పోవాలో? మనం దారి చూపించాలి."

తవిటయ్య మెల్లగా విసిరాడు. గాలంతా బొగ్గుల మీదికే పోయింది. కుంపటి భగ్గున రాజుకుంది.

జోగినాయుడు ఆ పళ్లేల వంక చూస్తూ నిలబడిపోయాడు. ఇంజనుకీ ఒక ఫ్యాను ఉంది. అది గాలి విసురుతూనే ఉంది. ఆ గాలిని సిలిండర్ల రెక్కల మధ్యకి నడిపించేవి ఆ రేకులే. దుప్పట్లు అనుకుని తాను తీసేసింది గాలి నడిచే దారుల్ని.

కొంతసేపటికి ఇంజను చల్లారింది. అతను మళ్లీ స్పానరు తగిలించి లాగాడు. పుల్లీ కొద్దిగా కదిలింది. తర్వాత పూర్తిగా తిరిగింది.

"తిరిగింది! బావా, తిరిగింది!" అని తవిటయ్య గెంతాడు.

"ఎక్కండి, ఎక్కండి. ఇంకెన్ని మలుపులున్నాయి గనక!" అంటూ వరహాలమ్మ పొత్తులు చీరచెంగులో వేసుకుంది.

అచ్యుతాంబ మాత్రం జోగినాయుడి ముందుకి వచ్చింది. "నాకు ఇంజను సంగతి తెలియదు. నువ్వు వెళ్దామంటే వెళ్తాను. వద్దంటే ఆగుతాను. చెప్పు."

మనిషి గుణం తెలిసేది ఇలాంటి చోటే. కొత్త ఇంజను కదా, మొదట అలాగే ఉంటుందని అతను అనవచ్చు. నూనె మంచిది కాదనవచ్చు. అందరూ నమ్మేవారు. బండి ఎలాగో కొండెక్కి, ఆ తర్వాత పాడైతే, తప్పు అతనిదని ఎవరికీ తెలిసేది కాదు.

జోగినాయుడు మెడలోని తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "వద్దు టీచరమ్మా. ఇలా వెళ్తే ఇంజను చచ్చిపోద్ది. తప్పు బండిది కాదు, నాది. ఆ రేకులు ఉండాల్సినవే. నాకు తెలియదు. తెలియదని చెప్పలేక తీసి పారేశాను."

వరహాలమ్మ చెంగులోని పొత్తులు తీసి మళ్లీ పళ్లెంలో పెట్టింది.

అచ్యుతాంబ అతన్ని నిదానంగా చూసింది. "తప్పు చేసినవాణ్ణి నేను ఎండలో నిలబెట్టేదాన్ని. తనంతట తాను ఒప్పుకున్నవాణ్ణి మాత్రం ఏనాడూ నిలబెట్టలేదు. పద, వెనక్కి తిప్పు. కొండ ఎక్కడికీ పోదు."

దిగుడు కాబట్టి బండిని మెల్లగా దించుకొచ్చారు. దారి పొడుగునా వరహాలమ్మ పాడుతూనే ఉంది. "ఎక్కడం అందరూ ఎక్కుతారు. పాడుకుంటూ దిగిపోయేది మనమే" అంది.

షెడ్డు చేరగానే జోగినాయుడు అచ్యుతాంబని ఆ నంబరు అడిగి తీసుకుని, విశాఖపట్నం పెద్దాయనకి ఫోను చేశాడు. "అయ్యా, నేను శృంగవరపుకోట మెకానిక్కుని. నాకు ఈ ఇంజను కొత్త. చెప్పండి, వింటాను" అన్నాడు. ఆ మాట విని తవిటయ్య చేతిలోని టీ ఒలకబోసుకున్నాడు.

పెద్దాయన సంతోషంగా చెప్పాడు. రేకులు సరే, ఇంజనుకీ బండి ఒంటికీ మధ్య చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉండాలని, అది లేకపోతే కింది వేడిగాలిని ఫ్యాను మళ్లీ పైకి లాక్కుంటుందని వివరించాడు. పాత పట్టీ ఎండి చీలిపోయిందని జోగినాయుడు దాన్ని ఇంజను దించినప్పుడే కోసి పడేశాడు. అడగకపోతే ఆ సంగతి అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు.

తర్వాత రేకుల వేట మొదలైంది. టీ కొట్టు వాడు, "ఇది పెట్టాక నా పొయ్యి ఎంత బాగా మండుతోందో! ఇవ్వను" అన్నాడు. "అందుకే కావాలి" అన్నాడు జోగినాయుడు. గౌరమ్మ కోడిని చూపించి, "అన్నయ్యా, గుడ్లు పొదుగుతోంది, ముట్టుకుంటే పొడుస్తాది" అంది. కోడి నిజంగానే పొడిచింది. గంపలో గడ్డి పరిచి, గుడ్లన్నీ అందులోకి మార్చి, కోడిని బతిమాలి కూర్చోబెట్టాక గానీ ఆ రేకు చేతికి రాలేదు. చేటగా మారినదాన్ని అతని భార్య కడిగి ఇచ్చి, "కొత్త చేట తెచ్చాకే అన్నం" అంది.

జోగినాయుడు ఇంజను మళ్లీ దించాడు. సిలిండర్లు విప్పి చూశాడు. పిస్టన్ల మీద సన్నని గీతలు పడ్డాయే గానీ, అంతకు మించిన దెబ్బ లేదు. వాటిని నునుపు చేసి బిగించాడు. రేకుల వంకరలు సరిచేసి, ఒక్క కన్నం కూడా ఖాళీ లేకుండా బోల్టులు వేశాడు. కొత్త రబ్బరు పట్టీ కోసి చుట్టూ తొడిగాడు. ఈసారి ప్రతి భాగం దగ్గరా ఆగి, "ఇది ఎందుకుందో తెలుసా?" అని తవిటయ్యని అడిగేవాడు. తవిటయ్యకి తెలియకపోతే, తనకూ తెలియకపోతే, ఇద్దరూ కలిసి ఫోను చేసేవారు.

మళ్లీ ప్రయాణం మొదలైంది. కిందటిసారి ఆగిన మలుపు వచ్చింది. బండి టకటకమంటూ ఆ మలుపు దాటింది. ఇంకొకటి దాటింది. ఎర్ర దీపం వెలగలేదు. అనంతగిరి చేరేసరికి మబ్బులు రోడ్డు మీదికి దిగి, బండి అద్దాల్ని తడిపాయి.

అచ్యుతాంబ దిగి, నడుం మీద చేతులు వేసుకుని, తలెత్తి కొండల్ని చూసింది. లెక్కపెట్టడానికి పిల్లలెవరూ లేరు. చూసినంతసేపు చూసింది. వరహాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గొంతెత్తి పాడింది. లోయ ఆ పాటని తిరిగి పాడింది.

తవిటయ్య బావ భుజం తట్టాడు. "ఏటి బావా, ఒక్కడివే నవ్వుతున్నావు?"

"ఒళ్లు తేలిగ్గా ఉందిరా" అన్నాడు జోగినాయుడు. "ఇన్నేళ్లూ అన్నీ తెలిసినట్టు ఉండడానికి ఎంత బరువు మోశానో ఇప్పుడు తెలిసింది."

ఎందుకు ఉందో తెలుసుకోకుండా దేన్నీ పనికిరానిదని పారేయకూడదు. పారేసి తప్పు చేశామని తెలిసిన చోటే ఆగి, ఒప్పుకుని, వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవాలి.