రాసుకోనివ్వని ఆచార్యులవారు

విజయకేతు మహారాజుకు ఒక పొద్దున ఏనుగెక్కి ఊరు చూడాలని బుద్ధి పుట్టింది. ఎవరినీ పిలవకుండా తానే గజశాలకు నడిచాడు. నడిచినవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

లోపల పట్టపుటేనుగు చెరకు నములుతోంది. దాని ఎదురుగా బోలెడుమంది పిల్లలు బాసింపట్లు వేసుకుని గొంతెత్తి ఎక్కాలు చదువుతున్నారు. వాళ్లు తడబడినచోటల్లా ఏనుగు ఘీంకరిస్తోంది.

"ఎవరయ్యా నా ఏనుగుకు లెక్కలు నేర్పుతున్నది?" అన్నాడు రాజు.

రాజపాఠశాలలో లెక్కలు చెప్పే ఔబళయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మా గది గోడ బీటలువారి పక్కకు ఒరిగింది ప్రభూ. పిల్లల మీద పడుతుందేమోనని, ఉద్యోగుల మొర వినే సమావేశంలో అధ్యక్షులవారికి చెప్పుకున్నాను. వారే ఇక్కడికి పొమ్మన్నారు."

పాఠశాలాధ్యక్షుడు భూషణాచార్యులకు కబురు వెళ్లింది. ఆయన జరీ ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చి, పంతులును ఎగాదిగా చూశాడు.

"అలా అన్నట్టు నాకు గుర్తులేదే!"

రాజుకు చిరాకొచ్చింది. తనను వెతుక్కుంటూ అప్పుడే అక్కడికొచ్చిన ఆస్థాన చతురుడు తిప్పన్న వైపు తిరిగాడు.

"రేపు కొలువులో ఎవరి మాట నిజమో తేల్చు. ఆచార్యులవారి మాటే నిజమైతే, పంతులు పాఠశాల వదిలి వెళ్లాల్సిందే."

అందరూ వెళ్లాక తిప్పన్న ఔబళయ్య భుజం మీద చెయ్యేశాడు.

"పంతులుగారూ, ఆ సమావేశంలో ఆయనన్నది రాసుకోలేదా?"

"రాసుకోనిస్తేగా! తాటాకు తీయగానే మండిపడ్డారు. పెద్దల మాట రాసుకోవడమంటే వాళ్లను నమ్మనట్టేనట, అది అవమానమట. వంటావిడకు ఇచ్చిన మాటా అంతే, తోటమాలికి ఇచ్చిన మాటా అంతే. గది దాటితే ఆయనకేమీ గుర్తుండదు."

తిప్పన్న గడ్డం గోక్కున్నాడు. "ఇంటికెళ్లి హాయిగా భోంచేయండి" అని చెప్పి, తాను రాజుగారి దగ్గరికి వెళ్లాడు.

ఔబళయ్య భోజనానికి కూర్చుని, కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు. గోడ కూలేదాకా ఆగి ఉంటే తన ఉద్యోగం నిలిచేదేమో. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసి, చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు కొలువులో భూషణాచార్యులు పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు. ఒళ్లంతా అత్తరు. వెనక బావమరదులు, వియ్యంకులు, పూలదండలు. తనను వెళ్లగొట్టడానికి ఇంత సంబరమా అని ఔబళయ్య మనసు చివుక్కుమంది.

కొలువు సాగుతోంది. రాజు పంటల గురించి అడిగాడు, వానల గురించి అడిగాడు. ఆచార్యులు దగ్గాడు. రాజు చూడలేదు. మళ్లీ దగ్గాడు. చివరికి ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ గండపెండేరం..."

"ఏ గండపెండేరం?"

"నిన్న సాయంత్రం ఏకాంతంలో సెలవిచ్చారు కదా! నా పాండిత్యానికి మెచ్చి, ఇవాళ నిండు కొలువులో నా కాలికి తొడిగిస్తామని!"

రాజు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు.

"అలా అన్నట్టు నాకు గుర్తులేదే!"

ఆచార్యుల మొహం కందగడ్డలా అయింది. వెనక వియ్యంకులు గుసగుసలాడారు.

"అయ్యో ప్రభూ! గదిలో మనమిద్దరమే ఉంటిమి. ఒక్క లేఖకుడైనా లేకపోయె!"

తిప్పన్న ఎంతో జాలిగా ముందుకొచ్చాడు. "లేఖకుడుంటే ఏం చేసేవాడండీ, ఆచార్యులవారూ?"

"ఏం చేస్తాడయ్యా! ప్రభువుల మాట పొల్లుపోకుండా రాసి ఉండేవాడు!"

"అమ్మమ్మ! పెద్దల మాట రాసుకుంటే వారికి అవమానం కాదూ?"

ఆచార్యులు చేతులు ఊపుతూ కొలువంతా వినబడేలా అరిచాడు.

"అవమానమేమిటి, నీ మొహం! అన్నమాట మీద నిలబడేవాడికి రాతంటే భయమెందుకు?"

అన్నాక, నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

మొదట నవ్వింది సేనాపతి. ఆ తర్వాత కొలువంతా నవ్వింది. దండలు పట్టుకున్న బావమరదులు కూడా ఆపుకోలేకపోయారు.

"ఇప్పుడు చెప్పండి" అన్నాడు రాజు. "పంతులును గజశాలకు పొమ్మన్నారా, లేదా?"

"అన్నాను ప్రభూ" అన్నాడు ఆచార్యులు నీరసంగా. "గోడ గోడ అని ప్రాణం తోడేస్తుంటే విసుగొచ్చి, పోయి ఏనుగుల దగ్గర చెప్పుకో పొమ్మన్నాను. నిజంగానే పోతాడనుకోలేదు!"

నవ్వులు సద్దుమణిగేసరికి చాలాసేపు పట్టింది. ఔబళయ్యకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గండపెండేరం ఇస్తానన్నది నిజమే" అన్నాడు రాజు. "మాట తప్పను. పిల్లలకు కొత్త గది కట్టించిన రోజున, ఆ గదిలోనే మీకు తొడిగిస్తాను. ఇకమీదట మొర చెప్పుకోవడానికి వచ్చిన పాఠశాల ఉద్యోగి ఎవరైనా, అక్కడ జరిగే మాటలన్నీ రాసుకోవచ్చు. కాదనే హక్కు ఎవరికీ లేదు."

తర్వాత తిప్పన్న వైపు తిరిగి, మెడలోని ముత్యాలహారం మీద చెయ్యేశాడు. "నువ్వు నన్ను ఇంత నవ్వించినందుకు ఈ హారం నీకిస్తున్నా."

తిప్పన్న వంగి దండం పెట్టాడు.

"మహాప్రసాదం ప్రభూ! కాకపోతే ఆ మాట ఇంకొక్కసారి, కాస్త మెల్లగా సెలవివ్వండి. ఔబళయ్యగారు రాసుకుంటున్నారు."

రాజు పగలబడి నవ్వుతూనే హారం తీసి తిప్పన్న మెడలో వేశాడు.